మంచు కింద మనిషి, గట్టు మీద తాడు

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. కొండల్లో గడ్డకట్టిన సరస్సు కింద స్కూబా డైవింగ్ నేర్చుకోవడం గురించి మాట్లాడుకున్నాం కదా. దీని చరిత్ర చదువుతుంటే నాకు ఒక్క విషయం పట్టుకుంది. అక్కడ అన్నిటికంటే ముందు నేర్పేది తాడు గురించి.

మా క్రాన్‌బర్న్‌లో చలికాలం అంటే పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీక్కోవడం, అంతే. గడ్డకట్టిన సరస్సు చూడాలంటే న్యూ సౌత్ వేల్స్‌లో కోషియుస్కో కొండలెక్కాలి. అక్కడ బ్లూ లేక్ అని ఉంది, పూర్వం హిమానీనదం తవ్విన గుంట. చలికాలం పైన గడ్డకడుతుంది, కింద మాత్రం నీళ్లే ఉంటాయి. నీరు 4 డిగ్రీల దగ్గర బాగా బరువు. ఆ బరువు నీళ్లు అడుక్కి దిగిపోతాయి, అంతకంటే చల్లబడ్డవి పైన తేలి మంచవుతాయి. అందుకే లోతైన సరస్సు అడుగుదాకా గడ్డకట్టదు, చేప బతుకుతుంది. మనిషి కూడా దిగొచ్చు. పైకి రావడమే సమస్య. నెత్తిన కప్పు ఉంటుంది, తలుపు ఒక్కటే.

అంటార్కిటికాలో మొదట నీళ్లలోకి దిగిన డైవర్ ఎవరో తెలుసా? ఒక వడ్రంగి! పేరు విల్లీ హైన్‌రిచ్. 1902లో జర్మన్ల గాస్ అనే ఓడ అక్కడ మంచులో ఇరుక్కుపోయింది. ఆ ఏప్రిల్ 16న రిపేర్ల కోసం ఈయన హెల్మెట్ పెట్టుకుని దిగాడు. ఆ రోజుల్లో డైవర్‌కి గాలి పైనుంచి గొట్టంలో రావాలి. పైన పంపు కొట్టేవాళ్లు ఆపితే ఊపిరి ఆగినట్టే. అంటే దిగిన మనిషి ఎప్పుడూ పైవాళ్ల చేతిలోనే ఉండేవాడు.

1943లో ఫ్రాన్స్‌లో కూస్టో, ఎమిల్ గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. సిలిండర్ వీపు మీదకొచ్చింది, గొట్టం తెగింది. డైవర్ చేపలా ఎటైనా పోవచ్చు. ఇందులో మా మెల్‌బోర్న్ వాటా కూడా ఉంది. టెడ్ ఎల్‌డ్రెడ్ అనే ఆయన 1950ల మొదట్లో పోర్పస్ అనే సెట్ చేశాడు. కూస్టోవాళ్ల రెండు గొట్టాల డిజైన్‌కి పేటెంట్ ఉంది కాబట్టి ఈయన ఒకే గొట్టంతో చేశాడు. ఈ రోజు ప్రపంచంలో దాదాపు అందరూ వాడేది ఆ పద్ధతే.

స్వేచ్ఛ వచ్చింది, బాగానే ఉంది. నెత్తిన కప్పున్న చోట మాత్రం ఆ స్వేచ్ఛే మనుషుల్ని చంపింది. దానికి మంచే అక్కర్లేదు, రాతికప్పు చాలు. మాకు కారులో ఐదు గంటల దూరంలో మౌంట్ గాంబియర్ ఉంది. అక్కడ సున్నపురాయి గుహల్లో నీళ్లు అద్దంలా ఉంటాయి. 1973 మే 28న ద షాఫ్ట్ అనే గుంటలో తొమ్మిది మంది దిగితే నలుగురు తిరిగి రాలేదు. ఆ చుట్టుపక్కల 1969 నుంచి 1974 దాకా ఇలాంటి చావులు వరసగా జరిగాయి. అప్పుడే, 1973లో, గుహ డైవర్లు సంఘం పెట్టుకుని, పరీక్ష పెట్టి పాసైనవాళ్లనే దింపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చావులు బాగా తగ్గాయి. అమెరికాలో షెక్ ఎక్స్‌లీ కూడా ప్రమాదాలన్నీ లెక్కేసి 1979లో పుస్తకం రాశాడు. ఆయన తేల్చింది సింపుల్: బయటిదాకా తెగని తాడు ఉండాలి, గాలిలో మూడో వంతు మాత్రమే లోపలికి వెళ్లడానికి వాడాలి, మరీ లోతుకి పోకూడదు.

మంచు కింద ఇంకో అడుగు ముందుకేసి తాడుని ఒంటికే కట్టేస్తారు. సరస్సు మీద రంపంతో మూడు మూలల కన్నం కోస్తారు. చుట్టూ మంచుపొడి ఊడ్చి గీతలు వేస్తారు, కింద నుంచి చూస్తే వెలుగు చారల్లా కనబడి కన్నం ఎటుందో చెప్తాయి. తాడు రెండో కొస గట్టు మీద మనిషి చేతిలో ఉంటుంది. ఎన్నిసార్లు లాగితే ఏమిటో ముందే మాట్లాడుకుంటారు. పక్కనే ఇంకో డైవర్ సూట్ వేసుకుని, ఇంకా పొడుగు తాడు కట్టుకుని రెడీగా కూర్చుంటాడు. తాడు ఊడిపోతే కిందవాడు వెతుక్కుంటూ తిరక్కూడదు. మంచుకప్పుకి ఆనుకుని నిలువుగా ఆగిపోవాలి. రెండోవాడు తాడు సాగదీసి గుండ్రంగా తిరుగుతాడు, ఆ తాడు వచ్చి తగులుతుంది. చలికి గాలిమర కూడా గడ్డకట్టి గాలి బుస్సుమని పోవచ్చు, అందుకని రెండోది పెట్టుకునే దిగాలి.

ఇదంతా నాకు కొత్తగా అనిపించలేదు. మా తాత ఎండాకాలం బావి పూడిక తీసేవాడు. ముందు దీపం దించి ఆరిపోతుందేమో చూసేవాళ్లు. తర్వాత నడుముకి మోకు కట్టుకుని దిగేవాడు. పైన మోకు పట్టుకున్నవాడు కబుర్లు చెప్తూనే ఉండాలి, లోపల నుంచి జవాబు రాకపోతే లాగెయ్యాలి.

ఇంత తెలిసినవాణ్ణి, గల్ఫ్‌లో ఉన్నప్పుడు నేనే తప్పు చేశాను. ట్యాంకులో వెల్డర్ ఉన్నాడు, మ్యాన్‌హోల్ దగ్గర హోల్ వాచ్ ఉన్నాడు. సామాను అర్జెంటని ఆ హోల్ వాచ్‌ని స్టోర్‌కి పంపింది నేను. ఐదు నిమిషాలే కదా అనుకున్నాను. అటుగా వెళ్తున్న హెల్పర్ లోపలికి కేకేస్తే జవాబు లేదు. వెల్డర్ కళ్లు తిరిగి కూలబడ్డాడు. నడుముకి తాడు ఉండబట్టి లాగాం, బతికాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

నలభై దాటాక నేను మంచు కిందకి దిగుతానో లేదో తెలీదు. ఎవరైనా దిగితే మాత్రం తాడు పట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. మీ సైట్‌లో, మీ ఊరి బావి దగ్గర అలా ఖాళీగా కూర్చున్న మనిషి కనబడితే దయచేసి వేరే పని చెప్పకండి. ఆయన పనిలోనే ఉన్నాడు.