కదిలే ఈస్టర్ వెనక నిండు చందమామ

మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించారు. క్రిస్మస్ తేదీ ఏటా అదే. అదే చర్చిలో ఈస్టర్ మాత్రం 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న జరిగింది. ఎందుకీ తేడా?

మొదటి ఆధారం తెలుగు బైబిల్లోని ఒక మాట: పస్కా. యేసు సిలువ మరణం, ఈస్టర్ గుర్తుచేసే పునరుత్థానం ఆ యూదుల పండుగ రోజుల్లోనే. హీబ్రూ ‘పెసహ్’ గ్రీకు మీదుగా పస్కా అయింది, దాటిపోవడమని అర్థం. ఐగుప్తులో దాస్యంలో మగ్గుతున్న ఇశ్రాయేలీయులు గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకు పూశారు. మరణం ఆ ఇళ్లను దాటిపోయింది. ఆ రాత్రే వాళ్లు విడుదలై బయల్దేరారు.

రెండోది రొట్టె. పిండి పులిసేదాకా ఆగే వ్యవధి నాడు లేదు. అందుకే యూదులు ఇప్పటికీ ఆ వారమంతా పులియని రొట్టెలే తింటారు. పిండికి నీళ్లు తగిలిన 18 నిమిషాల్లోపు కాల్చేయాలి. మన జొన్నరొట్టె కూడా పులియనిదే అయినా అక్కడ చెల్లదు. గోధుమ, బార్లీ వంటి ఐదు ధాన్యాలకే అనుమతి. ఆ బార్లీయే కాలాన్ని పట్టిస్తుంది: పస్కా బార్లీ వెన్ను తీసే నెలలోనే రావాలన్నది యూదుల ధర్మశాస్త్రం.

మూడోది గోడ మీది క్యాలెండర్. 2025 ఏప్రిల్ 12న చైత్ర పౌర్ణమి. ఆ సాయంత్రమే పస్కా మొదలైంది. మనకు చైత్రంలా వాళ్లకు నీసాను మొదటి నెల, పండుగ పున్నమి వేళ. కేవలం చంద్రుడి లెక్కన నడిచే రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకొస్తూ అన్ని రుతువులూ తిరుగుతుంది. పస్కా వసంతం దాటకుండా యూదులు మన అధికమాసంలాగే 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల కలుపుతారు.

ఇక ముడి వీడుతుంది. క్రీ.శ. 325లో నైసియా సభ, క్రైస్తవులంతా ఒకే ఆదివారం ఈస్టర్ చేసుకోవాలంది. చర్చి సొంత పట్టిక ప్రకారం మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారమన్న లెక్క స్థిరపడింది. 2024లో యూదులు నెల కలిపారు, వాళ్ల పస్కా ఏప్రిల్ 22 సాయంత్రానికి వెళ్లింది. చర్చి మార్చి పున్నమినే తీసుకుంది. 2025లో చర్చి పట్టికలో పున్నమి ఆదివారమే పడింది, అందుకే ఈస్టర్ మరుసటి ఆదివారానికి జరిగింది.

పస్కా రాత్రి ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు అడుగుతారు, ఈ రాత్రికి ఏమిటి ప్రత్యేకమని. దాసులుగా ఉన్నవాళ్లం విడుదలయ్యామని పెద్దలు తమ కథగానే చెబుతారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే బెనే ఎఫ్రాయిము కుటుంబాలు ఈ పండుగను తెలుగు ఇళ్లలోనే జరుపుకుంటాయి. మెదక్‌లో ఏ బిడ్డైనా ఈస్టర్ తేదీ ఎందుకు మారిందని అడిగితే, ముందు ఆకాశంలో చందమామను చూపించండి. తర్వాత ఆ విడుదల రాత్రి కథ చెప్పండి.