వేలూరు జైలు: తాళంచెవి పట్టుకున్నవాళ్ల సంగతి

మన గుడియాత్తం వాళ్లకి వేలూరు జైలంటే గుర్తొచ్చేది అక్కడ ఉండి వచ్చిన పెద్దవాళ్లే. రాజాజీ 1921 డిసెంబరు నుంచి 1922 మార్చి దాకా అక్కడ ఉండి డైరీ రాశారు. కామరాజుని 1940లో గుంటూరులో అరెస్టు చేసి ఇక్కడికే తెచ్చారు. ఆయనే ముఖ్యమంత్రి అయ్యాక 1954లో మన గుడియాత్తం నుంచి గెలిచారు. మరి వాళ్ల గదులకు తాళం వేసిన వార్డర్లు? వాళ్ల గురించి ఎవరూ చెప్పుకోరు.

అప్పట్లో జైలు కాపలా అంతా జీతం వార్డర్లదే కాదు. నడవడిక బాగున్న ఖైదీలనే రాత్రి కాపలాకి, తర్వాత ఓవర్సీరుగా, ఆపైన వార్డరుగా పెట్టేవాళ్లు. బదులుగా శిక్ష కొంత తగ్గేది. 1894 జైళ్ల చట్టం ఈ ఖైదీ అధికారులను ప్రభుత్వ ఉద్యోగులుగానే లెక్కేసింది. సర్కారుకి ఖర్చు కలిసొచ్చేది. కానీ ఒక ఖైదీ చేతికి ఇంకో ఖైదీని అప్పగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

1919-20లో మద్రాసు అధికారి అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన జైళ్ల కమిటీ వేశారు. ఖైదీలను చూసుకోవడం శిక్షణ పొందినవాళ్లు చేయాల్సిన పని అని, ఖైదీ వార్డర్ల బదులు జీతం వార్డర్లను పెట్టాలని ఆ కమిటీ చెప్పింది.

ఆ మాట చెప్పిన దాదాపు 60 ఏళ్లకి, 1979లో, దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల కోసం వేలూరులోనే ఒక శిక్షణ సంస్థ వచ్చింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ అధికారులు ఇక్కడ కలిసి చదువుకుంటారు. కన్నడ మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే నాకు ఆ క్లాసురూము తలుచుకుంటే ముచ్చటేస్తుంది.

శిక్షణ అయితే వచ్చింది. మరి ఎదుగుదల? 1980లో వేసిన జస్టిస్ ముల్లా కమిటీ 1983లో రిపోర్టు ఇచ్చింది. ఐఏఎస్, ఐపీఎస్ లాగా జైళ్లకూ అఖిల భారత సర్వీసు ఒకటి పెట్టమంది. అది ఇప్పటికీ రాలేదు. జైళ్ల శాఖలో పై కుర్చీకి ఎక్కువగా పోలీసు సర్వీసు నుంచే వస్తారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మా పని బాగా చేస్తే ఏమీ జరగదు, అదే మా ఫలితం. వార్డరుదీ అంతే. రాత్రంతా ఎవరూ పారిపోలేదు, కొట్టుకోలేదు, ఉరేసుకోలేదు అంటే ఆయన పని చేసినట్టు. కానీ జరగని దాన్ని ఏ రికార్డులో చూపించి ప్రమోషన్ అడగాలి? తప్పు జరిగినప్పుడే ఆయన పేరు ఫైల్లోకి ఎక్కుతుంది.

ఖైదీ మారాలంటే ఆశ చూపించాలని సర్కారుకి వందేళ్ల కిందటే తెలుసు, అందుకే వాళ్లకి మెట్లు కట్టింది. ఆ ఖైదీతో రోజూ మాట్లాడేది వార్డరే. ఆయనకీ ఎక్కడానికి మెట్లు ఉండాలి కదా.