ఋషికుల్య మొగ

మా ఇంట్లో తెలుగు, చమఖండి బజారులో ఒడియా. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా మద్రాసును విడిచి ఒరిస్సాలో కలిసింది గానీ, తీరం మాట మారలేదు. ఒడియావాళ్లు నోళియాలని పిలిచే మా జాలర్లు అలనీ గాలినీ ఇప్పటికీ తెలుగులోనే చెప్పుకుంటారు. మా కతోలికుల మూలమూ తెలుగు వైపే. 1846లో సవోయ్ నుంచి విశాఖపట్నం వచ్చిన గురువుల మిషను కిందే ఈ జిల్లా ఉండేది. బరంపురం మేత్రాసనం 1974లో ఏర్పడింది.

మా తీరంలోనే, ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రవేత్తలు లోకానికి చెప్పారు. గోఖరకుద, పురుణబంధ, పొడంపేట జాలర్లకు అది కొత్త సంగతేం కాదు. నెలన్నర దాటాక పిల్లలు ఇసకలోంచి పైకొస్తాయి. రాత్రిపూట సముద్రం మీది వెలుగును బట్టి నీళ్లవైపు నడవాల్సినవి, ఊరి దీపాలు కనబడితే ఇటు తిరుగుతాయి. అలా దారి తప్పినవాటిని బకెట్లలోకి ఏరి నీళ్లదగ్గర వదిలేది ఆ ఊళ్ల కుర్రాళ్లే. 2023లో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. 2024లో మూకుమ్మడిగా రానేలేదు. 2025లో మళ్లీ ఆరున్నర లక్షలు దాటాయి. 2024లో రాకపోవడానికి కారణం ఏదైనా, ఇసక వేడి సంగతి మాత్రం తేలిపోయింది: ఇసక వేడెక్కేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, వేడి మరీ మించితే గుడ్డులోనే చస్తాయి.

ఈ తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ ఎదుట తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. తాబేలు బతకాలి, కాదనను. కాని దాని బతుకు ఖర్చు ఎవరి పొయ్యి మీద పడుతోంది? ట్రాలరు దూరం పోగలదు. తెప్పకూ చిన్న బోటుకూ ఆ 20 కిలోమీటర్లే సముద్రం.

సముద్రాన్నీ జాలరి బతుకునూ విడదీయకుండా చూసినవాడు కేరళ గురువు ఫాదర్ టామ్ కోచెరీ. రిడెంప్టరిస్టు సభవాడు, జాలరి పేటలో కాపురముండి సంఘాలు కట్టినవాడు. 1989లో ఆయన నాయకత్వంలోని జాతీయ మత్స్యకార్మికుల వేదిక, నీటిని కాపాడితేనే ప్రాణం నిలుస్తుందన్న పిలుపుతో రెండు తీరాల నుంచీ కన్యాకుమారికి యాత్ర నడిపింది. తూర్పు యాత్ర బెంగాల్లో బయల్దేరింది. తీరం పొడవునా రొయ్యల చెరువుల మీద కూడా ఆ వేదిక పోరాడింది. చిలిక సరస్సుకు 1000 మీటర్ల లోపు ఆ చెరువులు కూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది.

భూమి మొరనూ పేదల మొరనూ కలిపి వినాలని పోప్ ఫ్రాన్సిస్ 2015లో 'లౌదాతో సి' విశ్వలేఖ రాసేనాటికి ఆ యాత్ర జరిగి ఇరవై ఆరేళ్లు. ఇప్పుడు ఏటా సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 వరకు చర్చి సృష్టి కాలం పాటిస్తోంది. మొక్కలు నాటడం మంచిదే, ఇసకను పట్టి ఉంచే మొగలి పొదలైతే మరీ మంచిది. అయితే ఈ తీరాన విశ్వాసులుగా మేం చేయాల్సిన మొదటి పని, వేట ఆగిన ఏడు నెలలూ జాలరి ఇంటికి తిండి దొరికేలా వాళ్ల పక్కన నిలబడి సర్కారును అడగడం.

పొడంపేటను సముద్రం కోసేసింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా మీద విరుచుకుపడ్డాక, అక్కడివాళ్లు వెనక్కి జరిగి కొత్త కాలనీకి చేరారు. పాత ఊళ్లో సగం గోడలు నిలిచి ఉన్నాయి. తాబేళ్లు ఈ తీరానికే వస్తున్నాయి. పిల్లలు పైకొచ్చే రాత్రి కాలనీ కుర్రాళ్లు బకెట్లు పట్టుకుని ఇసకలోకి దిగుతారు.