స్ప్రెడ్‌షీట్‌ దోషాలు – మాక్రో వైరస్‌ అనుమానం: మఠంపల్లి భూవిస్తీర్ణ గణన నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్ప్రెడ్‌షీట్‌లో కారణం తెలియని దోషం కనిపించగానే మాక్రో వైరస్‌ను అనుమానించే అలవాటు 1990లలో ఏర్పడింది. ఆ భయానికి ఆధారం ఉంది. అయితే ఎక్కువ హాని జరిగేది స్ప్రెడ్‌షీట్‌ తన సొంత నియమాల ప్రకారం అంకెలకు అర్థం చెప్పుకున్నప్పుడు. ఈ అంశాన్ని సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలంలోని భూవిస్తీర్ణ సంకేతాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్ప్రెడ్‌షీట్‌, మాక్రో వైరస్‌, సర్వే నంబరు, ఎకరం, గుంట, మఠంపల్లి.

1. ఉపోద్ఘాతం:
డాన్‌ బ్రిక్లిన్‌, బాబ్‌ ఫ్రాంక్‌స్టన్‌ రూపొందించిన విజిక్యాల్క్‌ 1979లో వెలువడింది. 1983లో లోటస్‌ 1-2-3, 1985లో మెకింటోష్‌ కంప్యూటర్లపై ఎక్సెల్‌ వచ్చాయి. కాగితపు చిట్టా చేయలేని పనిని ఇవి చేశాయి. ఒక అంకె మారితే దానిపై ఆధారపడిన మొత్తాలన్నీ వాటంతటవే మారతాయి. ఈ సౌలభ్యంలోనే ప్రమాదం కూడా ఉంది. కాగితంపై దిద్దుబాటు చేస్తే కొట్టివేత గుర్తు మిగులుతుంది, గడిలో మారిన అంకెకు ఆ జాడ ఉండదు.

2. మాక్రో వైరస్‌ – అనుమానానికి మూలం:
1993లో ఎక్సెల్‌ 5తో విజువల్‌ బేసిక్‌ ఫర్‌ అప్లికేషన్స్‌ అనే ప్రోగ్రామింగ్‌ భాష స్ప్రెడ్‌షీట్‌లో చేరింది. అప్పటినుండి దత్తాంశం, దానిని నడిపే ఆదేశం ఒకే ఫైలులో ప్రయాణించసాగాయి. 1995లో వర్డ్‌ పత్రాల ద్వారా ‘కాన్సెప్ట్‌’ అనే మాక్రో వైరస్‌ వ్యాపించింది. 1996 జూలైలో ఎక్సెల్‌ ఫైళ్లను ఆశ్రయించిన ‘లారూ’ బయటపడింది. ప్రారంభ ఫోల్డర్‌లో పర్సనల్‌.ఎక్స్‌ఎల్‌ఎస్‌ అనే ఫైలును ఉంచి, అక్కడినుండి ఇతర ఫైళ్లకు తనను తాను నకలు చేసుకోవడమే దాని పని. అది అంకెల జోలికి పోలేదు. తరువాత వచ్చిన ‘కాంపాట్‌’ మాత్రం గడులలోని అంకెలను స్వల్పంగా మార్చేది. 1999 మార్చిలో ‘మెలిస్సా’ ఈమెయిళ్ల ద్వారా ప్రపంచమంతటా పాకింది. లెక్క తప్పితే వైరస్‌ పనే అన్న భావన ఈ దశలో బలపడింది. ఇంటర్నెట్‌ నుండి వచ్చే ఫైళ్లలో మాక్రోలను ముందే నిరోధించే విధానాన్ని మైక్రోసాఫ్ట్‌ 2022లో అమలుకు తెచ్చింది.

3. వైరస్‌ లేని దోషాలు:
మాక్రోలు లేని ఫైళ్లలోనూ దోషాలు ఆగలేదు. జన్యువుల పేర్లను ఎక్సెల్‌ తేదీలుగా మారుస్తున్నదని పరిశోధకులు 2004లోనే గుర్తించారు. చివరకు 2020లో జన్యునామకరణ సంఘం ఆ పేర్లనే మార్చవలసివచ్చింది. అదే సంవత్సరం ఇంగ్లండులో పాత ఎక్సెల్‌ ఫైలు 65,536 వరుసలకు మించి నిలుపుకోలేకపోవడంతో 15,841 కోవిడ్‌ కేసులు నివేదికలలో సకాలంలో చేరలేదు. ఈ రెండు సందర్భాలలోనూ బయటినుండి ఎవరూ చొరబడలేదు.

4. మఠంపల్లి – రెండు కొలమానాల సరిహద్దు:
మఠంపల్లి మండలం కృష్ణానది ఒడ్డున ఉంది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు ఇది నల్లగొండ జిల్లాలో భాగం. ఈ ఒడ్డున ఎకరానికి 40 గుంటలు. నది దాటి పల్నాటిలో అడుగుపెడితే ఎకరానికి 100 సెంట్లు. 2.10 అనే రాత ఇక్కడ రెండెకరాల పది గుంటలు, అక్కడ రెండెకరాల పది సెంట్లు. పహాణీలో ‘ఎ.గుం.’ అనే శీర్షిక చదువరికి ఈ భేదాన్ని తెలుపుతుంది. స్ప్రెడ్‌షీట్‌ శీర్షికను పట్టించుకోదు, బిందువును దశాంశ బిందువుగానే గ్రహిస్తుంది.

సాధారణ గడిలో 2.10 అని నమోదు చేస్తే అది 2.1గా నిలుస్తుంది. ఆ పైన దానిని రెండెకరాల ఒక గుంటగా చదివే అవకాశం ఉంది. తేడా 9 గుంటలు, అంటే 1,089 చదరపు గజాలు. కూడికలో చిక్కు మరింత పెరుగుతుంది. 2.30, 1.20 విస్తీర్ణాల మొత్తం నిజానికి 4 ఎకరాల 10 గుంటలు. స్ప్రెడ్‌షీట్‌ దానిని 3.5గా చూపుతుంది. మూడున్నర ఎకరాలుగా చదివితే 30 గుంటలు, మూడెకరాల ఐదు గుంటలుగా చదివితే 45 గుంటలు లెక్కలో లేకుండా పోతాయి. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు ఇచ్చిన రూ.4,000 ప్రకారం 30 గుంటల విలువ రూ.3,000. చిన్న కమతం ఉన్న రైతుకు ఇది విత్తనాల ఖర్చు.

సర్వే నంబరు విషయంలో మరొక వింత ఉంది. 12/3 అనే ఉపవిభాగాన్ని భారతీయ తేదీ అమరిక గల కంప్యూటర్‌లో నమోదు చేస్తే అది మార్చి 12వ తేదీగా మారుతుంది. 2018లో నమోదైన ఆ గడిని తిరిగి సాధారణ అంకెగా మార్చితే 43171 కనిపిస్తుంది. 1900 సంవత్సరారంభం నుండి రోజులను లెక్కించే ఎక్సెల్‌ పద్ధతి తెలియనివారికి ఇది వైరస్‌ సృష్టించిన అంకెగానే తోస్తుంది. అదే 12/అ అని ఉంటే మార్పు జరగదు. తెలుగు అక్షరం ఇక్కడ సర్వే నంబరుకు కాపు కాస్తున్నది.

ఈ మండలంలో సర్వే నంబరు కేవలం గుర్తింపు అంకె కాదు. గుర్రంబోడు తండా పరిధిలోని 540 సర్వే నంబరు భూముల వివాదం 2021లో రాష్ట్రవ్యాప్త చర్చకు దారితీసింది. ఆ వివాదపు మూలాలు వేరు. అయినా ఒక నంబరుపై ఎందరి బతుకులు ఆధారపడి ఉంటాయో అది చూపింది.

5. దోషనిర్ధారణ క్రమం:
మొదట ఫైలు నకలును మాక్రోలు నిరోధించిన వేరొక కంప్యూటర్‌లో తెరిచి, మూల దత్తాంశాన్ని తిరిగి నమోదు చేసి చూడాలి. దోషం మళ్లీ అదే గడిలో, అదే రీతిలో కనిపిస్తే కారణం అమరికలో ఉందని భావించవచ్చు. తీరూతెన్నూ లేకుండా అంకెలు మారుతుంటే, ఎవరూ రాయని మాక్రో ఫైలులో కనిపిస్తే వైరస్‌ను అనుమానించాలి.

అంటువ్యాధిలా కనిపించే దోషాలన్నీ వైరస్‌లు కావు. మొదట తెరిచిన ఫైలులో గణన ‘మాన్యువల్‌’గా ఉంటే, ఆ తరువాత తెరిచిన ఫైళ్లకూ ఎక్సెల్‌ అదే అమరికను వర్తింపజేస్తుంది. వాటిని భద్రపరిస్తే ఆ అమరిక వాటిలోనూ నిలిచిపోతుంది. మొత్తాలు పాతవిగానే మిగులుతాయి. దీనికి యాంటీవైరస్‌ పరిష్కారం కాదు. గణనను ‘ఆటోమేటిక్‌’కు మార్చడమే మందు.

6. ముగింపు:
భూవిస్తీర్ణ పట్టికలలో ఎకరాలకు, గుంటలకు వేర్వేరు నిలువు వరుసలు ఉండాలి. మొత్తాన్ని గుంటలలోకి మార్చి కూడి, 40తో భాగించి, భాగఫలాన్ని ఎకరాలుగా, శేషాన్ని గుంటలుగా చూపాలి. సర్వే నంబర్ల గడులను నమోదుకు ముందే ‘టెక్స్ట్‌’గా నిర్ణయించాలి, ఎందుకంటే తేదీగా మారిన తరువాత మూలరూపం తిరిగి రాదు. గ్రామ రికార్డులను పట్టికలుగా మార్చే చరిత్ర పరిశోధకులకూ ఈ నియమాలు వర్తిస్తాయి. వైరస్‌ను తొలగించే సాధనాలు అనేకం ఉన్నాయి. గుంటను దశాంశంగా చదివిన తప్పును పట్టుకోగలిగినది మాత్రం ఆ కొలత తెలిసిన మనిషే.