వినుమని బలవంతపెట్టని సంగీతము



తంబురను వినుటకై కచేరీకి పోయినవారిని నేనెరుగను. అయినను నడుమ తంబుర నిలిచిపోయిన యెడల సభలో ప్రతివాడును తలయెత్తి చూచును. వినబడుచునే, వినుమని బలవంతపెట్టని నాదము మనకు క్రొత్త గాదు. పాశ్చాత్యులు దీనిని వేరొక త్రోవను వెదకి, తుదకు గణనయంత్రములో నొక వాద్యబృందమునే కూర్చుండబెట్టిరి. ఆ చరిత్రమును కొంత మనవి చేసెదను.

1920 మార్చి 8వ తేదీన పారిస్ నగరమున నొక చిత్రశాలలో నాటకము జరిగెను. విరామకాలమున వాయించుటకై ఎరిక్ సాటీ యను స్వరకర్త కొంత సంగీతమును కూర్చి, దానికి 'గృహోపకరణ సంగీతము' అని పేరు పెట్టెను. కుర్చీవలె, బల్లవలె నది గదిలో పడియుండవలెనే కాని యెవ్వరును పట్టించుకొనరాదని యాతని యుద్దేశము. వాద్యములు మ్రోగుటయే తడవు, లేచి తిరుగుచున్న జనులు మరల తమ స్థానములకు చేరి నిశ్శబ్దముగా వినసాగిరి. మాటలాడుడనియు, తిరుగాడుడనియు సాటీ యెంత మొరపెట్టుకొన్నను లాభము లేకపోయెను. పిల్లలు వినుటలేదని వగచిన ఉపాధ్యాయులను పెక్కండ్రను చూచితిని. విన్నందులకు వగచినవాడు నాకు తెలిసినంతలో ఈతడొక్కడే.

సాటీ కోరిక ఆంగ్లేయుడైన బ్రయన్ ఈనో వలన నెరవేరెను. 1975లో ఆతడు టాక్సీ క్రింద పడి, గాయములతో మంచము పట్టెను. చూడవచ్చిన స్నేహితురాలు హార్పు వాద్యపు రికార్డునొకదానిని ఇచ్చిపోయెను. ఎట్లో లేచి దానిని పెట్టి, మరల పరుండిన పిమ్మట శబ్దము మిక్కిలి తగ్గియున్నదని గ్రహించెను గాని, మరల లేచుటకు శక్తి లేకపోయెను. వానచప్పుడులో కలిసి వినవచ్చుచున్న ఆ సంగీతమే యాతనికి క్రొత్త త్రోవ చూపెను. 1978లో విమానాశ్రయములకై యాతడొక రికార్డు వెలువరించి, ఈ జాతికి 'ఆంబియెంట్' అని పేరిడెను. పరిసరమును ఆవరించునది యని యర్థము.

అందలి యుపాయము పంచాంగమెరిగిన మీకు సులభముగా బోధపడును. మానవకంఠముల స్వరములను వేర్వేరు నిడివిగల టేపుచుట్టలపై నెక్కించిరి. ఒక స్వరము 23½ సెకండ్లకును, వేరొకటి దాదాపు 26 సెకండ్లకును, ఇంకొకటి దాదాపు 30 సెకండ్లకును తిరిగి వచ్చును. గురుడు ఇంచుమించు 12 ఏండ్లకును, శని ఇంచుమించు 30 ఏండ్లకును రాశిచక్రమును చుట్టి, మొదట కలిసిన చోటికి మరల కలిసివచ్చుటకు 60 ఏండ్లు పట్టునుగదా! అట్లే ఈ స్వరములును ఒకసారి కలిసిన తీరున మరల చాలసేపటి వరకు కలియవు.

ఇక యంత్రము మాట. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అను నాతడు గణనయంత్రముచే 17 సెకండ్ల సంగీతము పలికించెను. 1963లో ఇంగ్లాండునందు మెల్లట్రాన్ వచ్చెను. దాని ప్రతి మీట క్రిందను నిజమైన వాద్యధ్వని యెక్కిన టేపుముక్క యుండెను. సుమారు 8 సెకండ్లకు ముక్క తీరిపోవును, స్వరమాగును! 1983లో మిడి యను సంకేతభాష యేర్పడెను. ఇది ధ్వనిని మోయదు. ఏ స్వరము, ఎప్పుడు, ఎంత బలముగా నను ఆజ్ఞను మాత్రమే మోయును. బలమునకు 127 మెట్లు. అనగా నిది యుత్తరము వంటిది, పలుకవలసినవాడు వేరొకడు.

ఆ పలుకువానిని సమకూర్చినవారిలో ముఖ్యుడు వియన్నా నగరపు సెల్లో వాదకుడు హెర్బ్ టుక్‌మాండ్ల్. 2000 ప్రాంతమున నొక సంస్థను నెలకొల్పి, ప్రతి వాద్యముయొక్క ప్రతి స్వరమును మెల్లగను, గట్టిగను, సాగదీసియు, త్రుంచియు వాయించి భద్రపరచు పని కాతడు పూనుకొనెను.

నా మనుమడు తన గదిలో కూర్చుండి యిట్టి కృతి నొకదానిని కూర్చుచుండగా చూచితిని. ముందుగా మంద్రస్థాయి తంత్రీవాద్యములను నిలిపెను. వానిపై నెమ్మదిగా పెరిగి తరుగు కొమ్మువాద్యములు. తుదకు పెద్ద మందిరపు ప్రతిధ్వనిని గూడ నద్దెను. వినసొంపుగానే యున్నది. తోడిలోని గాంధారమును పలికింపుమంటిని. మీట నొక్కగా స్వరము వచ్చినది గాని, తోడి రాలేదు. స్వరమును వంచు చక్రమొకటి కలదని త్రిప్పి చూపెను. కొంత దగ్గరకు వచ్చినది, కమ్మదనము రాలేదు.

నన్ను బాధించినది అది కాదు. మెల్లట్రాన్ వచ్చిన నాడే ఇంగ్లాండు వాద్యకారుల సంఘము తమ కూటికి ముప్పు వచ్చునని కలవరపడెను. 2019లోనో, లండనులోని బి.బి.సి. సింఫనీ బృందమే తన స్వరములను విడివిడిగా వాయించి యిట్టి నిధికి నొసగెను. నాటి సంఘము భయపడినదే నేడు జీతమునకు చేయు పనియయ్యెను. ఆ బృందము వాయించుట మానలేదు, అది నిజము. కాని చిన్న బృందముల మాట యేమి? పది రూపాయలు తక్కువైనచో పిలుచువాడు యంత్రమునే పిలుచును. ఇది తప్పని మనుమనితో వాదింపలేకపోతిని. నలువదిమంది వాద్యకారులను పిలిపించుటకు వానికి శక్తి యెక్కడిది? "ఈ సెల్లో వాయించినదెవరు?" అని మాత్రమడిగితిని. వాడు తెరపై వెదకెను. వాద్యము పేరున్నది, స్వరము పేరున్నది. మనిషి పేరు కనబడలేదు.