మాయా నృత్యంలో చెక్క జంతువులు

మెక్సికోలోని బోనంపాక్ మాయా గుడి గోడల మీద సుమారు క్రీ.శ. 790లో వేసిన చిత్రాల్లో ఒక మేళం ఉంది. వాద్యగాళ్ళ పక్కనే ఒకడు మొసలి మొహం పెట్టుకున్నాడు, ఇంకొకడు చేతులకు పెద్ద కొండీలు తొడుక్కున్నాడు. ఆ కాలపు చెక్క ముసుగులు మనదాకా రావడం అరుదు. అడవి తేమకు కలప నిలవదు. అందుకే ఈ కళ తొలి చరిత్రను బొమ్మల్లోనూ కథల్లోనూ వెతుక్కోవాలి. గ్వాటెమాలాలోని కిచే మాయాల పురాణం ‘పోపోల్ వూహ్’లో జంట వీరులు పాతాళానికి వెళ్ళి ఆర్మడిల్లో ఆట ఆడి, గారడీ చేస్తారు. ఆ గారడీకి మైమరచిన మృత్యు ప్రభువులే చివరికి బలైపోతారు.

1524లో స్పెయిన్ సేనాని పెద్రో దె అల్వరాదో సేన గ్వాటెమాలా మీద పడింది. నరబలి ఛాయలున్న ఆటలను వలస పాలకులు, మతాధికారులు నిషేధించారు. వాటి స్థానంలో స్పెయిన్‌లో ముస్లింలైన మూర్లకూ క్రైస్తవులకూ జరిగిన యుద్ధాన్ని నాటకంగా నేర్పారు. ముసుగులు, దుస్తులు అద్దెకిచ్చే ఇళ్ళకు ‘మొరేరియా’ అనే పేరు ఆ మూర్ల నుంచే వచ్చింది. జంతువులు మాత్రం ఆట వదల్లేదు. జింక నృత్యంలో వేటగాళ్ళు, కుక్కలు, జాగ్వార్, కోతులు నేటికీ బరిలోకి దిగుతాయి.

ఈ కళను నిలబెట్టింది మొరేరియాలేనని నా నమ్మకం. తొతొనికపాన్, చిచికాస్తెనాంగో ప్రాంతాల్లో ఇవి పేరుపడ్డాయి. పైన్, సీడర్ దుంగను తొలిచి, సుద్దపూత పట్టించి, రంగులద్ది, గాజు కళ్ళు పొదుగుతారు. కొన్ని జింక తలలకు అసలు కొమ్ములే బిగిస్తారు. అద్దెకు తిరిగే ముసుగుకు మళ్ళీ మళ్ళీ రంగు వేయక తప్పదు. పాత ముసుగు అంచున పెచ్చు ఊడితే పొర కింద పొర బయటపడుతుంది. ఎన్ని పండుగలు చూసిందో ఆ పొరలే చెబుతాయి! పాతదనం కోసం ఎగబడిన సేకర్తలు 20వ శతాబ్దంలో ఇలాంటివి ఎన్నో కొనుక్కుపోయారు. గోడకు తగిలించాక ఆ జాగ్వార్‌కు ఆట లేదు, అదే నా బాధ.

1980లలో అంతర్యుద్ధం గ్వాటెమాలాలోని రబినాల్ ప్రాంతాన్ని నెత్తుటిలో ముంచింది. అయినా గద్ద, జాగ్వార్ యోధులుండే ‘రబినాల్ అచీ’ నాటకం బతికి, 2005లో యునెస్కో గుర్తింపు పొందింది. ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఆటకు ముందు ముసుగులకు కోపల్ ధూపం వేస్తారు. అద్దె భారం ఎంతైనా నర్తకులు మొక్కుగా భావించి తామే భరిస్తారు.