పంపరపనస మెస్కాల్ కాక్‌టెయిల్

కర్నూలు, కడప చేలగట్లపై కంచెగా కనిపించే కిత్తనార మెక్సికో నుంచి వచ్చిన అగేవ్ జాతి మొక్క. పుట్టినింట దాని మట్టలు చెక్కేసి, మొదలును కాలిన రాళ్ల గుంతలో రోజుల తరబడి మగ్గబెట్టి, దంచి, పులియబెట్టి కాచిన మద్యమే మెస్కాల్. పొగవాసన ఆ గుంతలో పట్టేదే. అగేవ్‌తోనే చేసే మరో మద్యమైన టెకీలాకు మొదలును సాధారణంగా ఆవిరిపై ఉడికిస్తారు కాబట్టి ఆ వాసన ఉండదు. 1994 నుంచి మెస్కాల్ పేరుకు మెక్సికోలో చట్టరక్షణ ఉంది. దక్కను కిత్తనారతో చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరెత్ అనే వ్యాపారి తయారుచేయించి, 2011లో విడుదల చేసిన మద్యం 'అగేవ్ స్పిరిట్' పేరుతోనే అమ్ముడైంది.

మెస్కాల్ కాక్‌టెయిల్‌లో వాడే గ్రేప్‌ఫ్రూట్ పంపరపనసకూ, సీమవాళ్లు చీనీ అనే బత్తాయి జాతికీ పుట్టిన సంకరం. తల్లిదండ్రులిద్దరూ ఇక్కడే దొరుకుతారు గనుక రెండు రసాలూ కలిపి వాడడమే మేలు. చేదు కావాలంటే పంపరపనస తొక్క ముక్కను గ్లాసుపై పిండాలి. అంచుకు ఉప్పద్ది, ఐసుపై 60 మి.లీ. మెస్కాల్, అంతే పండ్లరసం, 15 మి.లీ. నిమ్మరసం, కాస్త చక్కెరపాకం పోసి కలుపుతారు. కిత్తనార దొరుకుతుంది కదా అని లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం కాచడం మాత్రం నేరం. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస రసాలు కొన్ని రక్తపోటు, కొలెస్టరాల్ మందుల స్థాయిని ఒంట్లో ప్రమాదకరంగా పెంచుతాయి.